అప్ప ఫ్యానుకు ఇంజను కొన్న సంగతి

ఈ సంగతి రాసి పెట్టాలని చాలా కాలంగా అనుకుంటూ బద్ధకిస్తూ వచ్చాను. ఇప్పుడు రాయక తప్పడం లేదు. మా ఇంట్లోనూ మా వీధిలోనూ ఇది నోటి నుంచి నోటికి మారి, చివరికి నన్నొక తెలివైనవాడిగా నిలబెట్టేసింది. గ్రంథాలయం పుస్తకాలు చదివి, తుఫాను నాడు జనరేటరు నడిపించి, అప్ప ప్రాణం నిలబెట్టాడని చెప్పుకుంటున్నారు. కరెంటు పోతే ఇంటికి పనికొచ్చే చిన్న జనరేటరు ఏది మంచిదని అడగడానికి, కొత్తగా ఇల్లు కట్టుకున్నవాళ్ళు నా దగ్గరికి వస్తుంటారు. వాళ్ళకు నాకు తెలిసిన సగం చెప్పి పంపుతాను. మిగతా సగం చెప్పడానికి సిగ్గు. ఆ సగం తెలిసిన మనిషి నేను కాక మా ఆవిడ ఒక్కతే. ఆవిడ ఎవరికీ చెప్పదు. అందుకని రాస్తున్నాను.

అవి అరవయ్యో దశకం చివరి సంవత్సరాలు. మేము చీపురుపల్లిలో, స్టేషనుకు పోయే దారిలో ఒక అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం. వీధి గదిలో రెండు కుట్టుమిషన్లు వేసుకుని బట్టలు కుట్టేవాడిని. నా చదువు అయిదో తరగతితో ఆగిపోయింది. తరవాత వచ్చిన తెలివంతా శాఖా గ్రంథాలయంలో, కిటికీ పక్క బల్ల మీద వచ్చిందే. అక్కడున్న విజ్ఞాన పుస్తకాలన్నీ రెండేసి సార్లు చదివాను. ఇంగ్లీషు పుస్తకాలు నిఘంటువు పక్కన పెట్టుకుని, పేజీకి ఒక సాయంత్రం చొప్పున చదివేవాడిని. గ్రంథాలయం మేస్టారు నన్ను చూస్తే కుర్చీ దుమ్ము తుడిచేవారు. ఆ మర్యాద నాకు చాలా ఇష్టంగా ఉండేది.

అప్ప అంటే మా అక్క. నాకన్నా పన్నెండేళ్ళు పెద్దది. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. మొగుడు లేడు, పిల్లలు లేరు. విజయనగరం అవతల ఒక గోనె మిల్లులో చాలా ఏళ్ళు పనిచేసింది. మొదట జనపనారకు నూనె పట్టించే చోట, తరవాత నూలు వడికే చోట. ఆ రెండో చోట దుమ్ము పొగమంచులా లేస్తుందట. చివరికి దగ్గు, దగ్గు వెనక ఆయాసం. పనిలోకి రావొద్దని మిల్లువాళ్ళు చెప్పేశాక, ఒక ట్రంకు పెట్టె పట్టుకుని మా ఇంటికి వచ్చింది.

అప్ప పడుకోలేదు. పడుకుంటే ఊపిరి అందదు. నా రెండో కుట్టుమిషను బల్ల మీద తలగడ వేసుకుని, ముక్కాలి పీట మీద కూర్చుని, బల్లకు తల ఆన్చి కునుకు తీసేది. పెద్దాసుపత్రి డాక్టరు చూసి, ఈ జబ్బు పోయేది కాదు, మొహానికి గాలి తగులుతూ ఉంటే మాత్రం కాస్త ఊపిరి ఆడుతుంది అన్నాడు. అందుకని ఒక టేబుల్ ఫ్యాను కొన్నాం. మా వీధిలో అదే మొదటి ఫ్యాను. దాని ముందు కూర్చున్నప్పుడు అప్ప మాట మాటకూ మధ్య ఆగకుండా మాట్లాడగలిగేది. ఫ్యాను ఆగితే నాలుగు మాటలకొకసారి ఆగేది. గంట ఆగితే పెదవులు నల్లబడేవి.

కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. ఎండాకాలంలో రోజూ పోయేది. గాలి వీస్తే తీగలు తెగి పోయేది. అప్పుడు నేనూ మా ఆవిడా వంతులేసుకుని విసనకర్రతో విసిరేవాళ్ళం. విసరడం చిన్న పనిలాగే ఉంటుంది. పావుగంట దాటాక నొప్పి మణికట్టు నుంచి భుజానికి, భుజం నుంచి మెడకు ఎక్కుతుంది. మర్నాడు కత్తెర పట్టుకుంటే గీత వంకర పోయేది. ఒక ఉపాధ్యాయుడి లాల్చీ అలాగే పాడుచేసి, గుడ్డ నేనే కొని మళ్ళీ కుట్టిచ్చాను. మా ఆవిడ అన్నం వండుతూ వండుతూ గోడకు ఆనుకుని నిద్రపోయేది. ఎవరి మీదా ఎవరికీ కోపం లేదు. అలిసిపోయి ఉండేవాళ్ళం, అంతే.

ఒక రోజు అలా విసురుతూ, అప్ప నవ్వుతుందని పుస్తకంలో చదివిన ఒక చమత్కారం చేసి చూపించాను. గ్లాసు నిండా నీళ్ళు పోసి, పైన పోస్టుకార్డు వేసి, గ్లాసు తలకిందులు చేశాను. కార్డు పడలేదు, నీళ్ళూ పడలేదు.

“గాలికి బరువుంది అప్పా. కింద నుంచి గాలే కార్డుని నొక్కి పట్టుకుంది” అన్నాను.

అప్ప కాసేపు చూసింది. “గాలికి బరువుంటే... అదంతా నా గుండెల మీదే ఉన్నాదిరా. కొంచెం తీసి నీ గ్లాసులో ఎయ్యి” అంది.

ఆ వారమే జనరేటరు కొనాలని నిశ్చయించుకున్నాను.

కొనేముందు చదవాలి కదా. గ్రంథాలయంలో ఇంజన్ల గురించి ఉన్న ఒక ఇంగ్లీషు పుస్తకాన్ని నెల్లాళ్ళు పట్టి చదివాను. నోటుబుక్కులో బొమ్మలు గీసుకున్నాను. గాలీ నూనే కలిసి లోపలికి పోవడం, నొక్కుకోవడం, మండడం, పొగ బయటికి రావడం, అన్నీ తెలుగులో రాసుకున్నాను. మూడు సంగతులు తేల్చుకున్నాను. ఒకటి, మా ఇంటికొచ్చే కరెంటు లాంటి కరెంటే అది ఇవ్వాలి. రెండు, మోటారు తిరుగుతున్నప్పుడు తినేదానికన్నా లేచేటప్పుడు ఎన్నో రెట్లు తింటుంది కాబట్టి, ఫ్యానుకు సరిపోయేదాని కన్నా పెద్దదే కొనాలి. మూడు, దాని పొగ విషం. ఊపిరాడని మనిషున్న ఇంట్లో పెట్టకూడదు. పెరట్లో పెట్టి తీగ లాగాలి. అంటే ఇద్దరం ఎత్తగలిగేంత బరువే ఉండాలి. ఇవాళ వచ్చి అడిగేవాళ్ళకు నేను చెప్పేది కూడా ఈ మూడే.

మొదట విశాఖపట్నం వెళ్ళాను. మిలిటరీ వాళ్ళు వేలం వేసిన సామాన్లు అమ్మే కొట్లో ఒక ముద్దొచ్చే ఇంజను ఉంది. ఆకుపచ్చ రంగు, రెండు పిడులు, ట్రంకు పెట్టెంత. కొట్టాయన తాడు లాగాడు. ఒక బల్బు తెల్లగా వెలిగింది.

“ఎలిగింది కదా బాబూ, ఇంకేటి కావాలి?”

“ఫ్యాను తిరగాలి.”

“బల్బు ఎలిగినకాడ ఫ్యాను తిరగదేటి?”

ఇంజను పక్కనున్న ఇత్తడి పలక మీద అక్షరాలు చూపించాను. “ఇది డీసీ. బ్యాటరీలకి ఎక్కించేది. మా ఫ్యాను ఏసీ. దీనితో తిరగదు.”

అతను పలక కేసి కాకుండా నా కేసి చూశాడు. “నువ్వు ఎలట్రీ మేస్త్రీవా?”

“టైలరుని.”

“అయితే నాయినా, ఎల్లి జేబులు కుట్టుకో. ఏపారం పాడుసెయ్యకు.”

ఆ రోజు రైల్లో ఇంటికొస్తుంటే ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. పుస్తకం చదవని మనిషైతే ఆ బల్బు చూసి కొనేసేవాడు. ఆ గర్వం చాలా రోజులు ఉంది. దాని సంగతి తరవాత చెబుతాను.

రెండోది ఒక డేరా సినిమా వాళ్ళ పాత ఇంజను. నలుగురు ఎత్తినా కదల్లేదు. మా పెరటి గుమ్మం పట్టదు. దాని పొగ చూసి నేనే దగ్గాను. అక్కడ ఎక్కువసేపు నిలబడలేదు.

మూడోది రాజాంలో దొరికింది. పెళ్ళిళ్ళకు మైకుసెట్లు అద్దెకిచ్చే ఒకతను పెద్ద ఇంజను కొనుక్కుంటూ చిన్నదాన్ని అమ్మేస్తున్నాడని తెలిసింది. నా ఫ్యాను దానితో లేస్తుందో లేదో మాటల్లో నమ్మదలచుకోలేదు. ఫ్యానునే తువ్వాల్లో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని రాజాం బస్సెక్కాను. అప్పకు ఆ పూట మా ఆవిడ విసరాలి.

కండక్టరు ముందుకొచ్చి తువ్వాలు ఎత్తి చూశాడు. “ఏటి మావా, మా బస్సులో గాలి సాల్లేదని సొంత ఫ్యాను తెచ్చుకున్నావా?”

“రాజాం తీసుకెళ్తున్నాను.”

“దీనికీ టిక్కెట్టు తియ్యాల. సీటు మీద కూకుంది కదా.”

“నా ఒళ్ళో ఉంది.”

వెనక నుంచి ఒక ముసలాయన అన్నాడు. “ఒళ్ళో ఉన్నోళ్ళకి టిక్కెట్టు నేదురా బాబు. పాలు తాగే ఫ్యానది, ఒగ్గేయ్.”

బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నెలలో నవ్వడం అదే మొదలనుకుంటాను.

మైకుసెట్టతను నన్ను చూసిన క్షణం నుంచీ బావా అని పిలిచాడు. ఇంజను వాకిట్లో ఉంది. దాని పిడికి ఎర్ర దారం కట్టి, దాని పక్కన చిన్న బొట్టు పెట్టి ఉంది. నేనది చూశాను. చూసి ఏమీ ఆలోచించలేదు. పైన రెండు డబ్బాలు. చిన్నది పెట్రోలుకు, పెద్దది కిరసనాయిలుకు. పెట్రోలుతో మొదలుపెట్టి, వేడెక్కాక చిన్న కుళాయి తిప్పి కిరసనాయిలు మీదికి మార్చాలి. ఆగిపోతే మళ్ళీ పెట్రోలు పోసే మొదలుపెట్టాలి. పెట్రోలు దొరకడం కష్టం, కిరసనాయిలు ఎలాగో దొరుకుతుంది. అందుకని మాకది బాగా నప్పింది.

“మా ఆవిడ కన్నా నయం బావా. పిలిస్తే పలుకుతాది” అన్నాడు.

లోపల నుంచి గొంతు వినిపించింది. “పిలిసి సూడు. నానూ పలుకుతాను, వీధంతా ఇంటాది.”

ఫ్యాను తగిలించమన్నాను. తగిలించాడు. ఇంజను గొంతు ఒక్క క్షణం బొంగురుపోయి, మళ్ళీ సర్దుకుంది. ఫ్యాను తిరిగింది. గంటసేపు నడపమన్నాను.

“గంటా? కిరసనాయిలు ఎవులు పోత్తారు?”

“నేను పోస్తాను.”

గంట నడిచింది. నేను పక్కనే అరుగు మీద కూర్చుని, ఒక్కసారి కూడా ఆగకుండా తిరిగిన ఆ రెక్కల్ని చూశాను. వెళ్ళేటప్పుడు అతను చెప్పాడు. “ప్లగ్గు తుడుసుకో. నూనె సూసుకో. నీళ్ళు పోకుండా మూతలు గట్టిగా బిగించు. ఇంకేటి నేదు.” అవి కూడా నోటుబుక్కులో రాసుకున్నాను.

కొనడానికి నా రెండో కుట్టుమిషను అమ్మాను. అమ్మాక గాని నాకు తట్టలేదు, అది అప్ప తల ఆన్చుకునే మిషను. ఖాళీ అయిన ఆ మూల చూసి అప్ప నవ్వింది.

“నాకోసం నా తలగడే అమ్మేసినావురా” అంది. తరవాత నవ్వకుండా అంది. “రేపు నాను పోతే, ఆ ఇంజన్ని ఏటి సేత్తావు? పెళ్ళిళ్ళకి అద్దెకిత్తావా?”

బియ్యం డబ్బా మీద ఒక పలక వేసి, దాని మీద తలగడ పెట్టాను. ఎత్తు సరిపోలేదు. కింద రెండు ఇటుకలు పెట్టాక సరిపోయింది.

మైకుసెట్టతను తన దారం విప్పుకుని, బొట్టు తుడిచి ఇచ్చిన ఆ ఇంజను ఇంటికి వచ్చిన నాడు శుక్రవారం. మా వైపు ఏ పనిముట్టు కొత్తగా ఇంటికొచ్చినా, నాగలి గానీ, బండి గానీ, కుట్టుమిషను గానీ, పసుపు రాసి బొట్టు పెట్టకుండా పని చేయించరు. మా ఆవిడ పసుపు ముద్ద కలిపి, కుంకుమ భరిణె తెచ్చింది. నేను అడ్డం నిలబడ్డాను. పూజ వద్దనలేదు. ఎక్కడ పెట్టకూడదో చెప్పాను. చాలా వివరంగా చెప్పాను.

“ఇది ప్లగ్గు. ఇక్కడ తడి తగిలితే నిప్పురవ్వ రాదు. ఇది కార్బురేటరు. ఇక్కడ గాలి పీలుస్తుంది. ఇవి తీగలు. వీటి జోలికి పోవద్దు.”

“మరి ఎక్కడెట్టమంటావు? పైకి ఏదో ఒక సోట బొట్టు కనపడాల కదా.”

పెద్ద డబ్బా మూత చూపించాను. గుండ్రంగా, గిన్నె మూతలా, ఇంజనుకు తలలా ఉంది. “ఇది ఒట్టి మూత. ఇక్కడ నీకు ఇష్టమొచ్చినంత పెట్టుకో.”

ఆవిడ మూత నిండా పసుపు మెత్తి, నడుమ పెద్ద బొట్టు పెట్టింది. ఆ రోజు నుంచి ప్రతి శుక్రవారం గడపతో పాటు దానికీ కొత్త పసుపు. పాతది కడగాలంటే నీళ్ళు పోయాలి, నీళ్ళు పోయొద్దని నేనే చెప్పాను. అందుకని పాతదాని మీదే కొత్తది.

ఎండలు తగ్గాక కరెంటు పోవడమూ తగ్గింది. పోయినా పది నిమిషాలు, పావుగంట. డబ్బాలో కిరసనాయిలు అడుగున కొంచెమే పోసేవాడిని. ఇంజను చక్కగా నడిచేది. అప్ప ఆ చప్పుడుకు మొదట మొహం చిట్లించింది. మిల్లులో ఉన్నట్టే ఉంది అంది. తరవాత అలవాటు పడింది.

తుఫాను కార్తీకంలో వచ్చింది. రాత్రంతా వాన, తెల్లవారేసరికి గాలి. పొద్దున్న అన్నాలు కాకముందే కరెంటు పోయింది. స్టేషను దగ్గర స్తంభాలు పడిపోయాయని, నాలుగైదు రోజులకు గాని రాదని ఎవరో చెప్పి పోయారు. నేను కంగారుపడలేదు. ఇన్నాళ్ళ చదువూ తిరుగుడూ ఈ రోజు కోసమే కదా అనుకున్నాను. పెరటి వసారాలో గోనెపట్టాల చాటున ఇంజను ఉంది. కిరసనాయిలు మొదటిసారి డబ్బా నిండా పోశాను. మూత గట్టిగా బిగించాను. సీసాలోంచి కొంచెం పెట్రోలు చిన్న డబ్బాలో పోసి తాడు లాగాను. లేచింది. కుళాయి తిప్పాను. ఫ్యాను తిరిగింది. అప్ప తలగడ మీద తల ఆన్చింది.

కాసేపటికి ఇంజను దగ్గి, రెండుసార్లు ఎగిరి, ఆగిపోయింది.

మా ఆవిడ విసనకర్ర అందుకుంది. నేను ప్లగ్గు విప్పి తుడిచాను. బాగానే ఉంది. కిరసనాయిల్లో నీళ్ళు కలిసి ఉంటాయనుకున్నాను, ఆ రోజుల్లో కలిసేవి. మూత తిప్పాను. తిప్పగానే లోపల సన్నగా సుయ్యిమంది. వాన చప్పుడులో దాన్ని పట్టించుకోలేదు. కిరసనాయిలంతా బిందెలోకి వంచి, లైనింగుకు తెచ్చిన మల్లు గుడ్డలో వడగట్టి మళ్ళీ పోశాను. మూత బిగించాను. పెట్రోలు పోసి లాగాను. లేచింది. ఫ్యాను తిరిగింది. నా అనుమానం నిజమే, నీళ్ళే అనుకున్నాను.

మళ్ళీ ఆగిపోయింది. ఈసారి గుడ్డ రెండు మడతలు వేసి వడగట్టాను. మళ్ళీ లేచింది. మళ్ళీ ఆగింది. గుడ్డ నాలుగు మడతలు. లేచింది. వడగట్టిన ప్రతిసారీ లేవడం నా వడపోత వల్లేనని నమ్మాను. నమ్మకపోవడానికి నాకు కారణం కనపడలేదు. మధ్యాహ్నానికి కార్బురేటరు కూడా విప్పాను. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టే ఉంది. నోటుబుక్కు వానకు తడిసి సిరా కారింది.

లేచిన ప్రతిసారీ పెట్రోలు సీసా తగ్గుతోంది. రోడ్ల మీద చెట్లు పడ్డాయి, బస్సులు లేవు, పెట్రోలు తేవడానికి దారి లేదు. సీసాలో రెండు వేళ్ళ ఎత్తు మిగిలింది. పొదుపుగా వాడితే రెండుసార్లు, లేదా మూడుసార్లు. తరవాత నాలుగు రోజులూ విసనకర్రే. మా ఆవిడ కుడి చెయ్యి పడిపోయి ఎడం చేత్తో విసురుతోంది. పొరుగింటి పిన్ని వచ్చి కాసేపు చెయ్యి మార్చింది. అప్ప పెదవులు నల్లబడ్డాయి. గోళ్ళు కూడా. మాట్లాడడం మానేసి, తెరిచిన పెరటి తలుపులోంచి నన్నే చూస్తోంది. నేను ఆ చూపు తప్పించుకుంటూ గుడ్డ ఆరు మడతలు వేస్తున్నాను.

“ఒరే” అంది అప్ప.

వినపడనట్టు ఉన్నాను. మా ఆవిడ పిలిచింది. “అప్ప పిలుస్తంది, రా.”

వెళ్ళి పక్కన కూర్చున్నాను. అప్ప ఒక్కొక్క మాటా పోగుచేసుకుని చెప్పింది.

“ఆ మూత... తీసినప్పుడల్లా... లేస్తంది.”

“మూత తీసినందుకు కాదప్పా, వడగట్టినందుకు.”

తల అడ్డంగా ఊపింది. కాసేపు ఊపిరి తీసుకుంది. “పొద్దున్నుంచి... సూత్తన్నాను. మిల్లులో... నూనె డబ్బా. ఒక్క కన్నం కొడితే... నూనె రాదు. గుటక్... గుటక్... ఆగిపోతాది. రెండో కన్నం... కొట్టాల. గాలికి.” మళ్ళీ ఆగింది. “సేరిన కొత్తల్లో... ఒక ముసల్ది సెప్పింది నాకు. దాని మూతకి... కన్నం ఉందేటో... సూడు.”

“అది ఒట్టి మూతప్పా” అన్నాను. అంటూనే మా ఆవిడ మొహం చూశాను. ఆవిడ విసరడం ఆపలేదు. కానీ మూత మీద ఏముందో మా ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది.

పరిగెత్తలేదు. నడిచే వెళ్ళాను. మూత విప్పాను. మళ్ళీ సుయ్యిమంది. ఈసారి విన్నాను. మూత తిరగేసి లోపలి వైపు చూశాను. నడి మధ్య, గుండుసూది తలంత కన్నం. పైవైపు, సరిగ్గా అక్కడే, వారాల తరబడి పేరుకుని సున్నంలా గట్టిపడిన పసుపు, దాని మీద బొట్టు. చొక్కాకు గుచ్చుకున్న సూది తీసి లోపలి నుంచి పొడిచాను. ఎర్రగా పసుపుగా ఒక పలుకు రాలి అరచేతిలో పడింది. వెలుతురుకెత్తి చూస్తే కన్నంలోంచి వాన కనపడింది.

గ్లాసు మీద పోస్టుకార్డు వేసి అప్పకు పాఠం చెప్పినవాణ్ణి నేను. గాలి నీళ్ళను ఎలా ఆపుతుందో చూపించినవాణ్ణి నేను. నూనె కిందికి దిగాలంటే పై నుంచి గాలి లోపలికి రావాలని, డబ్బా నిండా ఉన్నప్పుడు మరీ తొందరగా ఆగిపోతుందని నాకే తెలియాలి. ఆ మూత చూపించి ఇక్కడ పెట్టుకో అన్నదీ నేనే.

వడగట్టకుండానే, ఉన్న కిరసనాయిలుతోనే మూత వేశాను. పెట్రోలు కొలిచి పోశాను. తాడు లాగాను. మొదటిసారి లేవలేదు. రెండోసారి లేచింది. కుళాయి తిప్పి, ఇంజను పక్కనే గోనెపట్టా మీద కూర్చున్నాను. ఆగిపోయే సమయం వచ్చింది, దాటింది. ఇంకాసేపు చూశాను. ఆగలేదు. లేచి లోపలికి వెళ్ళడానికి ధైర్యం చాలక, పొద్దు వాలేదాకా అక్కడే కూర్చున్నాను.

మా ఆవిడ గుమ్మంలోకి వచ్చింది. ఎడం చెయ్యి కుడి భుజం మీద ఉంది. “పెదాలు ఎర్రబడ్డాయి” అని చెప్పి, గోడవారగా చాప కూడా వేసుకోకుండా పడుకుంది. పడుకున్నదే నిద్ర.

నేను వెళ్ళేసరికి అప్ప తలగడ మీద తల ఆన్చి కళ్ళు మూసుకుని ఉంది. నిద్రపోతోందనుకుని వెనక్కి తిరిగాను.

“నీ పోస్టుకార్డు యవ్వారమే కదరా ఇది” అంది, కళ్ళు తెరవకుండా, మధ్యలో ఎక్కడా ఆగకుండా.

“అవునప్పా.”

“మరి నీకు తట్టలేదేటి?”

ఫ్యాను ఆవిడ మొహం వైపు సరిగ్గా తిప్పి పెట్టాను. ఆవిడే అంది. “పిల్లనేటి అనకు. నువ్వు సూపించిన సోటే ఎట్టింది.”

కరెంటు నాలుగో రోజు సాయంత్రం వచ్చింది. అందాకా ఇంజను నడిచింది. మిగిలిన పెట్రోలు లెక్క చూసుకుని, మధ్యలో రెండుసార్లు చల్లబడనివ్వడానికి ఆపినప్పుడు మాత్రం విసిరాం. మా కిరసనాయిలు అయిపోతే పొరుగింటి పిన్ని తన లాంతర్లలోది వంచి ఇచ్చి, రెండు పూటలు చీకట్లో వండుకుంది. శుక్రవారం మా ఆవిడ పసుపు గిన్నెతో వచ్చి ఇంజను ముందు నిలబడింది. ఆవిడ పిడి మీద చిన్న బొట్టు పెట్టి, దారం కట్టి వెళ్ళిపోయింది. రాజాంలో అతని వాకిట్లో ఇదే ఇంజను మీద బొట్టూ దారమూ ఎక్కడున్నాయో అప్పుడు గుర్తొచ్చింది.

అప్ప ఆ తరవాత రెండు ఎండాకాలాలు చూసింది. రెండో ఎండాకాలం చివర, ఒక మధ్యాహ్నం, కరెంటు ఉండగా, ఫ్యాను తిరుగుతుండగా పోయింది. ఇంజనుకు ఆ రోజు పని లేకపోయింది. తరవాత అది అప్ప వేళాకోళమాడినట్టే రెండు పెళ్ళిళ్ళకు అద్దెకు పోయింది. మూడోదానికి పంపాలనిపించలేదు. రాజాం తీసుకెళ్ళి ఇచ్చేశాను.

ఇలాంటివి రాసినప్పుడు సాయపడినవాళ్ళకు పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పాలి. మా ఇళ్ళల్లో పేర్లు పెట్టి పిలుచుకునే అలవాటు తక్కువ. పిలిచిన పిలుపులతోనే చెబుతాను. పుస్తకం గడువు దాటినా అడగని గ్రంథాలయం మేస్టారికి. గంటసేపు ఇంజను నడిపి చూపించిన రాజాం మైకుసెట్టు బావకు, లోపల నుంచి పలికిన ఆయన భార్యకు. ఫ్యానుకు టిక్కెట్టు కొట్టకుండా వదిలేసిన కండక్టరుకు, వెనక సీటు తాతకు. తన లాంతర్లు ఆర్పుకున్న పొరుగింటి పిన్నికి. రెండు చేతులూ పడిపోయేదాకా విసిరి, ఈ సంగతి ఇన్నేళ్ళు ఎవరికీ చెప్పని మా ఆవిడకు. అప్పకు. గోనె మిల్లులో కొత్తగా చేరిన పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, డబ్బాకు రెండో కన్నం కొట్టాలని చెప్పిన ఆ ముసలావిడకు. ఆవిడను అప్ప ఏమని పిలిచేదో అడగడం నాకు ఎప్పుడూ తోచలేదు.